ఎండాకాలం ఆదివారం సాయంత్రాలు విశాఖ బీచ్ రోడ్డు మీద బండ్ల రాకపోకలు ఆపాలా?

కంచరపాలెం కుర్రాడు:

ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేయాలని నా అభిప్రాయం. ఆర్కే బీచ్ పక్కన, కోస్టల్ బ్యాటరీ నుంచి కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దాటే వరకు చాలు. నాలుగు గంటలు ఆ ముక్క నడిచేవాళ్ళకి వదిలేయాలి.

ఎందుకో చెబుతాను. మాది స్లాబు ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు. పగలంతా తాగిన ఎండని ఆ స్లాబు రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటుంది. ఏసీ లేదు. మా అమ్మకి వారమంతా ఇంట్లో ఆ ఉక్కపోతే. ఆదివారం ఒక్క సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్తాను. పోయిన వారం ఆటోలో బయల్దేరాం. సిరిపురం దాటి బీచ్ వైపు దిగే చోట ఇరుక్కుపోయి, కదలడానికి అరగంట పైనే పట్టింది. దిగాక రోడ్డు దాటాలి కదా. అమ్మ చెయ్యి పట్టుకుని నాలుగుసార్లు అడుగు ముందుకేశాం, నాలుగుసార్లు వెనక్కి వచ్చాం. ఐదోసారి ఎవరో పెద్దాయన తన బండి అడ్డంగా ఆపి మమ్మల్ని దాటించాడు. చివరికి గోడ మీద కూర్చుని, చెప్పులు విప్పి, "హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్య కోసం అంత యాతన పడాలా?

మీరేమంటారు?

గాజువాక నాన్న:

తమ్ముడూ, మీ అమ్మగారి సంగతి చదివితే బాధేసింది. కానీ మా నాన్నగారి సంగతి కూడా వినండి.

ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. పది అడుగులు వేస్తే ఆగాలి. ఇసుకలోకి దిగలేరు. ఆయనకి సముద్రమంటే కారు ముందు తలుపు తెరిచి, సీటు కొంచెం వెనక్కి జరుపుకుని చూసేదే. అలా గంట కూర్చుంటారు. పిల్లలు నీళ్ళ దగ్గర ఆడుకుని వచ్చి, తడి కాళ్ళతో ఆయన ఒళ్ళో ఎక్కుతారు. మీరు రోడ్డు మూసేస్తే మా కారు ఎక్కడో యూనివర్సిటీ వైపు పైన ఆపాలి. అక్కణ్ణుంచి బీచ్ దాకా అంతా పల్లం. దిగడం ఎలాగో దిగుతారు, ఎక్కడం మాటేమిటి? నడవగలిగినవాళ్ళకి సముద్రాన్ని ఇచ్చి, నడవలేనివాళ్ళని ఇంట్లో ఉండమన్నట్టు అవుతుంది. నేను ఒప్పుకోను.

పాండురంగాపురం మూడో అంతస్తు:

బీచ్ రోడ్డు మూసినప్పుడల్లా బండ్లు మాయమైపోవండీ, మా సందుల్లోకి వస్తాయి. ఈ చర్చలో ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు.

పోయిన ఏడాది మే నెలలో ఒక ఆదివారం మా గేటుకి అడ్డంగా కారు పెట్టి వెళ్ళిపోయారు. కింద ఫ్లాట్‌లో పెద్దావిడకి ఆయాసం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి మా కార్లలో ఒక్కటీ బయటికి రాలేదు. వీధి చివరి దాకా కుర్చీలో మోసుకెళ్ళాం, అక్కడ ఆటో దొరికింది. కారు యజమాని నలభై నిమిషాల తర్వాత వచ్చాడు, భుజం మీద పాప నిద్రపోతోంది. అరవడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి, ఆ పాపని చూసి ఏమీ అనలేకపోయాను. అతనికి మాత్రం ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పారు?

నడిచేవాళ్ళకి రోడ్డు ఇవ్వడానికి నేను వ్యతిరేకిని కాను. కానీ బండ్లు ఎక్కడ ఆగాలో ముందు తేల్చండి, రోడ్డు సంగతి తర్వాత.

పెదవాల్తేరు టీచరమ్మ:

నేను ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను, అలవాటు కొద్దీ కొంచెం పాఠంలా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. విజయవాడ మాడిపోయే రోజుల్లో కూడా మన దగ్గర ఎండ కొన్ని డిగ్రీలు తక్కువ ఉండేది ఇందుకే. పడమటి గాలి బలంగా వీచి ఈ గాలిని రానివ్వని రోజున మనకీ వడగాడ్పే. అయితే సముద్రపు గాలితో పాటు తేమ కూడా వస్తుంది. గాలి ఆడని ఇంట్లో ఆ తేమ ఉక్కపోత అవుతుంది, చెమట ఆరదు. అదే గాలి తగిలే చోట కూర్చుంటే చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. కాబట్టి కంచరపాలెం బాబు వాళ్ళ అమ్మగారికి బీచ్ షికారు కాదు, అవసరం. ఆ గాలి వచ్చే చోట వందల బండ్లు ఇంజన్లు ఆపకుండా నిలబడితే మనం పీల్చేది ఏమిటి?

రోడ్డు మూయడం మనకి కొత్త కాదు. పొద్దున్న వాకింగ్ చేసేవాళ్ళ కోసం బండ్లు ఆపుతూనే ఉన్నారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు అంత పొడవునా జనాన్ని కూర్చోబెట్టారు. పొద్దున్న వాకింగ్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల కాలనీలవాళ్ళం. ఆదివారం సాయంత్రం వచ్చేది ఊరంతా. మాకు ఇచ్చింది వాళ్ళకి ఎందుకు ఇవ్వకూడదు?

గాజువాక నాన్న:

టీచర్ గారూ, యోగా రోజుకి జనాన్ని బస్సుల్లో తెచ్చారు, బస్సుల్లో పంపారు. ఎన్నో రోజుల ముందు నుంచి ఏర్పాట్లు చేశారు, ఎక్కడ చూసినా పోలీసులే. ప్రతి ఆదివారం అది అయ్యే పనేనా? పొద్దున్న ఐదింటికి రోడ్డు మీద ఉండే బండ్లెన్ని, సాయంత్రం ఆరింటికి ఉండేవెన్ని?

అయితే చివర్లో మీరన్న మాట మాత్రం నాకు గట్టిగా తగిలింది. పొద్దున్న రోడ్డు ఎవరిది, సాయంత్రం రోడ్డు ఎవరిది అని నేనెప్పుడూ అనుకోలేదు.

సాగర్‌నగర్:

అందరూ ఆర్కే బీచ్ మీదే ఎందుకు పడాలి? తెన్నేటి పార్కు ఉంది, రుషికొండ ఉంది, భీమిలి ఉంది. 900కె బస్సు ఎక్కితే సముద్రం చూసుకుంటూ భీమిలి వెళ్ళిపోవచ్చు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అంత ప్రశాంతంగా ఉంటుంది.

కంచరపాలెం కుర్రాడు:

అన్నా, వెళ్ళాం. వెళ్ళడం హాయిగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడ్డాక, చిన్నపిల్లలతో, ముసలివాళ్ళతో స్టాపులో నిలబడి, వచ్చిన బస్సు నిండిపోయి ఉంటే తెలుస్తుంది. సొంత బండి ఉన్నవాళ్ళకి అది మంచి సలహా. బండి లేనివాళ్ళకి ఆర్కే బీచే దగ్గర.

జాలారిపేట:

మా మాట కూడా ఒకటి రాస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచిదే. కానీ ఆ రెండు నెలలు మా ఇంట్లో డబ్బు తిరిగేది మా పిన్ని పెట్టే మొక్కజొన్న పొత్తుల కుంపటి మీదే. బొగ్గులు రాజేసి విసనకర్రతో విసురుతూ, పొత్తుని తిప్పుతూ కాలుస్తుంది. నిమ్మచెక్కని ఉప్పుకారంలో అద్ది, పొత్తు పొడుగునా నొక్కి రుద్దుతుంది, పులుపు గింజల మధ్యలోకి దిగేలాగ. నిలబడి తినేవాళ్ళు రెండోది అడుగుతారు, ఇంటికి రెండు కట్టించుకుంటారు. బండి మీద ఆగినవాళ్ళు వెనక హారన్ కొడుతుంటే చిల్లర కూడా తీసుకోకుండా పోతారు, లేదా పొత్తు తీసుకోకుండానే పోతారు. కుంపటికి జానెడు దూరంలో టైర్లు తిరుగుతుంటే మాకు భయం. బండ్లు ఆపితే మా పిన్నికి మేలే.

కానీ రోడ్డు మూస్తే జనం ఇంకా పెరుగుతారు, చీకటి పడే వేళకి నీళ్ళలో ఉంటారు. నాకు ఎక్కువ టెన్షన్ అదే. ఒడ్డుకి వచ్చిన నీళ్ళు ఒక సన్నటి దారి చేసుకుని జోరుగా వెనక్కి పోతాయి. ఆ చోట అల విరగదు, నురగ ఉండదు, చూడడానికి చదునుగా ఉంటుంది. తెలియనివాళ్ళు ఇక్కడ అల లేదు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తే ఒడ్డు వైపు ఎదురు ఈదకూడదు, అలిసిపోతారు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి, ఆ దారి దాటాక అలతో పాటు బయటికి రావాలి. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటనే వద్దు. సెలవుల్లో చదువుకునే పిల్లల్ని ఒడ్డుకి మోసుకొచ్చిన చేతులు మావి. కాబట్టి రోడ్డు మూసినా అంబులెన్సుకి ఒక దారి వదలాలి, ఒడ్డున దీపాలు పెట్టాలి, గజ ఈతగాళ్ళు తొమ్మిది దాకా ఉండాలి. ఇవి లేకపోతే నేను కూడా వద్దనే అంటాను.

పాండురంగాపురం మూడో అంతస్తు:

అంబులెన్సు దారి అన్నారు కదా. ఆ ఒక్క వరస తెరిచే ఉంచి, దాంట్లోనే చిన్న బస్సులు నడపొచ్చు. యూనివర్సిటీ గ్రౌండులో కార్లు ఆపించి, అక్కణ్ణుంచి బీచ్‌కి, బీచ్ నుంచి పైకి తిప్పాలి. మా సందుల మొదట్లో ఒక తాడు కట్టి, ఇక్కడివాళ్ళ బండ్లే వదలాలి. అలా చేస్తే నాకు అభ్యంతరం లేదు.

కంచరపాలెం కుర్రాడు:

మొదట నేను రాసింది మార్చుకుంటున్నాను. పూర్తిగా మూసేయమని అడగను. సముద్రం వైపు ఉన్న సగం నడిచేవాళ్ళకి, రెండో సగంలో బస్సులు, అంబులెన్సు, నడవలేనివాళ్ళని తెచ్చే బండ్లు మాత్రమే. గాజువాక అన్నా, మీ నాన్నగారి కారు ఆ రెండో సగంలో వచ్చి ఆగొచ్చు. మే నెలలో రెండు ఆదివారాలు చేసి చూద్దామని అర్జీ రాస్తాను. జాలారిపేట అన్న చెప్పిన దీపాలు, ఈతగాళ్ళ మాట అందులో మొదటి వరసలో పెడతాను. రోడ్డు సంగతి దాని తర్వాతే.

పెదవాల్తేరు టీచరమ్మ:

రాసి ఇక్కడ పెట్టు బాబూ, తప్పులు దిద్దుతాను. మా వాకింగ్ వాళ్ళందరి సంతకాలు నేను చేయిస్తాను.

గాజువాక నాన్న:

ఆ రెండో సగం మాట అర్జీలో తప్పకుండా ఉంటే నా సంతకం కూడా పెట్టండి. బండ్లు ఆపడం మీద నాకింకా అనుమానం ఉంది, రెండు ఆదివారాలు చూశాక చెబుతాను.

ఒకటి అడుగుతాను తమ్ముడూ. మీ అమ్మగారు ఏ గోడ మీద కూర్చుంటారు? వచ్చే ఆదివారం మేమూ వస్తున్నాం. రోడ్డు దాటించడానికి నేనుంటాను.

కంచరపాలెం కుర్రాడు:

కాళీమాత గుడికి ఎదురుగా అన్నా, ఇసుకలోకి దిగే మెట్ల పక్కన. ఆరున్నరకి అక్కడుంటాం.