బాలమురళి గారికి జుగల్బందీ అంత సులువుగా ఎలా వచ్చింది?

వర్ణం_దాటని_మనిషి:
నాలుగేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను, ఇంకా కృతుల కన్నా ముందు నేర్పే వర్ణాల దగ్గరే ఉన్నాను, నవ్వకండి. ఈ మధ్య బాలమురళీకృష్ణ, హిందుస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషీ కలిసి పాడిన జుగల్బందీ రికార్డింగ్ విన్నాను. పక్కాయన బాణీ పూర్తిగా వేరు, అయినా ఈయనకి కాస్తయినా టెన్షన్ ఉన్నట్టు అనిపించదు. చిన్నప్పటి నుంచే అంతా? అడగడంలో స్వార్థం కూడా ఉంది, హిందుస్తానీ పాడే ఫ్రెండ్‌తో కలిసి ఒక ఐటమ్ చేద్దామని నా ఆలోచన.

కోనసీమ_కాకి:
ఆయనది మా వైపే, శంకరగుప్తం. 1930లో పుట్టారు. నాన్నగారిది వేణువు, అమ్మగారిది వీణ, పాపం ఆవిడ ఈయన పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయారు. తర్వాత విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర శిష్యరికం, అంటే నేరుగా త్యాగరాజ శిష్యపరంపరే. ఎనిమిదేళ్లకి అక్కడి త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేస్తే, మురళీకృష్ణ పేరు ముందు 'బాల' చేర్చింది హరికథ చెప్పే ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు. ఇక 72 మేళకర్తల్లో, అంటే జనక రాగాలన్నింట్లోనూ కృతులు రాసిన సంగతి అందరికీ తెలిసిందే.

మృదంగం_మావయ్య:
పైవన్నీ నిజమే గానీ అసలు కిటుకు వేరే అని నా అభిప్రాయం. ఆయన వయోలిన్, వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించేవారు, వేరేవాళ్ల కచేరీల్లో పక్కన కూర్చుని వయోలా వాయించారు కూడా. పక్కవాద్యం వాయించినవాడికి ఎదుటివాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ ముగించబోతున్నాడో చెవికి ముందే తెలిసిపోతుంది. నేను ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, పాట ఒక్కటే నేర్చుకున్నవాళ్లలో చాలామంది పక్కవాడి వంతు వచ్చినప్పుడు వినరు, తాము తర్వాత పాడబోయేది మనసులో పాడుకుంటూ ఉంటారు! హరిప్రసాద్ చౌరాసియా వేణువుతోనూ హిందుస్తానీ గాయని కిశోరీ అమోన్కర్ గారితోనూ ఈయన చేసిన కచేరీలు దొరికితే, ఈయన పాడని చోట్లు వినండి.

మీ ఐటమ్‌కి హిందోళం రాగం తీసుకోండి, వాళ్లకది మాల్కౌన్స్. స్వరాలు అవే ఐదు, కానీ వాళ్లు మధ్యమం (మ) మీద తీరిగ్గా కూర్చుని మీండ్‌లో నెమ్మదిగా గాంధారానికి (గ) జారతారు, మనం ఆ గాంధారాన్నే గమకంతో ఊపుతాం. మీ ఊపు తగ్గించుకోకండి, మీ ఫ్రెండ్‌ని ఊపమనీ అడగకండి. తాళం వాళ్ల తీన్‌తాల్, మధ్యలయలో (మధ్యస్థ వేగంలో) అయితే పదహారు మాత్రలు (లెక్కలు), మన ఆదితాళం రెండు ఆవర్తాలకి సరిపోతుంది. విలంబిత్ (బాగా నెమ్మది లయ) జోలికి మొదటిసారే పోవద్దు.

వర్ణం_దాటని_మనిషి:
థాంక్స్ మావయ్యా. తాళం సరే, శ్రుతి దగ్గరే గొడవొచ్చింది. నాది ఐదున్నర, నా ఫ్రెండేమో 'కాలీ పాంచ్' (హార్మోనియంలో ఐదో నల్ల మెట్టు) అంటోంది.

మృదంగం_మావయ్య:
అది మన లెక్కలో ఆరున్నర. ఇద్దరూ ఆరుకి రండి. పైకి వెళ్లినప్పుడు నీకు కష్టమైతే అక్కడ ఆవిడని పాడనివ్వు, నువ్వు విను.