అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదా? అద్దె చట్టంపై చర్చ

మేడమీద: 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాస ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు. రాష్ట్రాలు ఒప్పుకుంటేనే ఇది అమలవుతుంది. ఒప్పుకోకూడదని నా వాదన. అద్దె ఎగ్గొట్టి, కరెంటు బిల్లు వదిలేసి, గోడలు పాడుచేసి పోతే ఆ డబ్బు ఏ మూలకు?

నల్లమబ్బు: గోడల మాట మీరే ఎత్తారు. ఖాళీ చేసిన ప్రతిసారీ రంగుల పేరుతో నా అడ్వాన్స్‌లో కోత పడింది. ఒక ఇంట్లో మేకు కూడా కొట్టలేదు, అయినా నెల అద్దె పట్టుకున్నారు. ఆ చట్టం షెడ్యూల్ చదవండి. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగులు, వైరింగ్ యజమానే చూసుకోవాలి. కుళాయి వాషర్ల లాంటివి అద్దెకున్నవాళ్లవి.

మేడమీద: అద్దెదారు పాడుచేస్తే ఆ ఖర్చు వాళ్లదేనని కూడా ఉంది. అది వదిలేశారేం?

నల్లమబ్బు: నేను పాడుచేయలేదనే కదా చెబుతున్నాను!

గడపదాటి: రంగుల దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ.

చేతిరాత: అసలు ఒప్పందాల సంగతి చూడండి. ఏడాది దాటితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ఈ నమూనా చట్టంలో ప్రతి ఒప్పందాన్నీ అద్దె వ్యవహారాలు చూసే రెంట్ అథారిటీకి తెలపాలి.

మేడమీద: నల్లమబ్బు గారూ, మీ దృష్టిలో యజమానులంతా దోపిడీదారులే. నాన్నగారు రిటైర్మెంట్ డబ్బుతో ఇల్లు కట్టారు. అద్దెకున్నాయన ఖాళీ చేయనన్నాడు. కోర్టులో వాయిదా మీద వాయిదా. నాన్నగారు పోయాక గానీ ఇల్లు చేతికి రాలేదు. నా భయం రంగుల డబ్బు గురించి కాదు, ఇచ్చిన ఇల్లు మళ్లీ నాకు రాదేమోనని.

నల్లమబ్బు: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఆ భయానికి ఈ చట్టంలో మందుంది. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, తర్వాత నాలుగింతలు కట్టాలి. నా భయానికే అందులో ఏమీ లేదు. గడువు అయ్యాక కారణం చెప్పకుండా పొమ్మనొచ్చు. పాపకు పరీక్షలున్నాయి, అవి అయ్యేదాకా ఆగండని బతిమాలినా మా ఓనరు వినలేదు. కారణం లేకుండా ఖాళీ చేయించే పద్ధతిని ఇంగ్లండ్ 2025 నాటి చట్టంతో రద్దు చేసింది. నాకు కావలసింది అది.

మేడమీద: నా ఇల్లు నాకు కావాలనడానికి కారణం ఎందుకు చెప్పాలి?

నల్లమబ్బు: మీరు ఉండటానికైతే అదే కారణం, రాసివ్వండి, వెళ్లిపోతాను. ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్లు దొరికారని మమ్మల్ని పంపేయడం వేరు.

చేతిరాత: అద్దె తగాదాలను రెంట్ కోర్టు నిర్ణీత గడువులో తేల్చాలనీ ఆ నమూనా చట్టంలోనే ఉంది. అది నిజంగా జరిగితే కారణం చెప్పడానికి ఒప్పుకుంటారా, మేడమీద గారూ?

మేడమీద: ముందు ఒక్క కేసు అలా తేలనివ్వండి, అప్పుడు అడగండి. అప్పటిదాకా అడ్వాన్స్ తగ్గించను.