అప్‌డేట్: అది అంగారకుడి రాయో కాదో ఎలా తేలుతుంది?

బెంగళూరులో అంగారకుడి రాయి (అక్కడి నుంచి ఉల్కగా భూమ్మీద పడింది) అంటూ అమ్మకానికి పెట్టిన చిన్న పలక గురించి, అది నిజమో కాదో ఎలా తెలుస్తుందని ఇక్కడ అడిగాను కదా. జవాబు దొరికింది.

అయస్కాంతం పెట్టి చూస్తే తేలదు. ముందు ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణు రకాలు, చూడాలి. ఒకటి రెండు మిల్లీగ్రాముల పొడిని ఫ్లోరిన్ వాయువులో లేజర్‌తో వేడి చేసి, వెలువడిన ఆక్సిజన్‌ను ఆ రకాలను బరువును బట్టి వేరు చేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి పంపుతారు. అంగారకుడి రాళ్లలో ఆక్సిజన్-17 అనే రకం భూమి గీత (భూమి రాళ్ల కొలతలు గ్రాఫ్‌లో పడే గీత) కంటే వెయ్యికి సుమారు 0.3 వంతు ఎక్కువ. తేడా అంత సన్నం కాబట్టి, ఎడారిలో పట్టిన తుప్పునీ సున్నాన్నీ ముందు ఆమ్లంతో కడగాలి. లేకపోతే భూమి ఆక్సిజన్ కలిసి లెక్క తప్పుతుంది.

చంద్రుడి రాయికి ఈ పరీక్ష చాలదు, అది భూమి గీత మీదే పడుతుంది. అక్కడ ఖనిజాల్లో ఇనుము, మాంగనీసు నిష్పత్తి చూడాలి: అంగారకుడికి తక్కువ, భూమికి మధ్యస్థం, చంద్రుడికి ఎక్కువ.

అసలు గట్టి సాక్ష్యం మాత్రం గాలిదే. అంటార్కిటికాలో దొరికిన ఈఈటీఏ 79001 రాయిలోని గాజులో చిక్కిన వాయువులు, 1976లో నాసా వైకింగ్ నౌక అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

కొనేవాళ్లు ఎన్‌డబ్ల్యూఏ నంబరు (వాయవ్య ఆఫ్రికా ఎడారిలో దొరికిన ఉల్కలకిచ్చే నంబరు) అడిగి, ఉల్కల అధికారిక జాబితా అయిన మెటియోరిటికల్ బులెటిన్‌లో వెతకండి. కాకపోతే నంబరు నిజమైనంత మాత్రాన చేతిలోని ముక్క ఆ రాయిదేనని కాదు. మిగిలిన ముక్కల ఫొటోలతో పోల్చి చూడాలి.