బాబుకి డుషేన్ అని తేలింది, వ్యాయామం ఎంతవరకు చేయించొచ్చు?

కొండమీద ఇల్లు:
నమస్తే అండి. మాది విజయవాడ, విద్యాధరపురం వైపు కొండ మీద ఇల్లు, రోడ్డు నుంచి మా గుమ్మం దాకా 52 మెట్లు. బాబుకి 7 ఏళ్లు. కింద కూర్చున్నవాడు లేవాలంటే ముందు నాలుగు కాళ్ల మీదకి వచ్చి, తర్వాత మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ తన ఒంటి మీదే పైకి పాకుతున్నట్టు లేస్తాడు. పిక్కలు చూస్తే పహిల్వాన్ పిక్కల్లా లావుగా ఉంటాయి, అందుకే బలహీనత అని మాకు తట్టలేదు. పోయిన నెల జీన్ టెస్ట్‌లో డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే కండలు కరిగిపోయే జబ్బని వచ్చింది, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఎక్సర్‌సైజ్ సంగతి అడిగితే "చేయించండి, కానీ అలసిపోకూడదు" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు.

మా మావయ్యగారు వయసులో కబడ్డీ ఆడిన మనిషి. కండ కరిగిపోయే జబ్బంటే కండ పెంచాలి కదా అని రోజూ పొద్దున్నే వాడితో 30 గుంజీళ్లు తీయిస్తున్నారు. వాడు తాత మాట కాదనడు, సాయంత్రానికి కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు. నేను వద్దంటే "గారాబం చేసి మంచాన పడేస్తావా" అంటారు. దీనికి తోడు అత్తయ్యగారు దుర్గమ్మకి మెట్ల పూజ మొక్కుకున్నారు, వాడి చేత్తోనే ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టించాలట. ఎవరికి ఏం చెప్పాలో తెలియట్లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు.

గుంటూరు ఫిజియో:
అమ్మా, గుంజీళ్లు ఇవాళే ఆపించండి. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ కండ కణం పైపొర చిరిగిపోకుండా ఆసరాగా ఉంటుంది, డుషేన్‌లో అది తయారే కాదు. కండ సాగుతూ బరువు మోసే పనుల్లో ఆ పొర ఎక్కువ దెబ్బతింటుంది. గుంజీలో కిందికి దిగేటప్పుడు తొడ కండ చేసేది సరిగ్గా ఆ పనే. మెట్లు దిగడమూ అంతే, ఎక్కడం ఆయాసంగా కనిపిస్తుంది గానీ కండకి దిగడమే ఎక్కువ చేటు. కాబట్టి మీ 52 మెట్లూ దిగేటప్పుడు ఎత్తుకోండి, సిగ్గుపడితే ఆటలా వీపున ఎక్కించుకోండి.

అలాగని కూర్చోబెట్టేయొద్దు. వాడి ఇష్టంకొద్దీ నడవనివ్వండి, ఆడుకోనివ్వండి, ఆగుతానంటే ఆగనివ్వండి. మీరు రోజూ చేయాల్సింది సాగదీయడం, ముఖ్యంగా మడమ. పడుకోబెట్టి, మోకాలు నిటారుగా ఉంచి, మడమని మీ అరచేతిలో పట్టుకుని, అరికాలు మీ ముంజేతికి ఆనేలా పెట్టి పాదాన్ని మెల్లగా పైకి వంచండి. పిక్క లాగుతున్నట్టు ఉండాలి, నొప్పి పుట్టకూడదు. 30 లెక్కపెట్టేదాకా ఉంచి వదలండి. వారానికి 4 నుంచి 6 రోజులైనా చేయాలి. తుంటి, మోకాలు ఎలా సాగదీయాలో దగ్గర్లో ఫిజియో దగ్గర ఒకసారి చేతులు పెట్టి నేర్చుకోండి, రాసి చెప్పేది కాదు. రాత్రి పూట పాదం కిందికి వాలిపోకుండా వేసే స్ప్లింట్ గురించి కూడా అడగండి, మడమ బిగుసుకుంటే వాడు మునివేళ్ల మీద నడవడం మొదలుపెడతాడు. ఏడాదికోసారి గుండె ఎకో మర్చిపోవద్దు, గుండె కూడా కండే.

బ్రాడీపేట బెకర్:
అక్కా, నాది బెకర్ రకం, డుషేన్‌కి తమ్ముడు లాంటిది, డిస్ట్రోఫిన్ కొంచెం ఉంటుంది. నాకు 34. జబ్బు సంగతి తెలియక 19 ఏళ్లప్పుడు జిమ్‌లో చేరాను, అక్కడ "నొప్పి పుడితేనే కండ వస్తుంది బ్రదర్" అని స్క్వాట్‌లు చేయించారు, మూడో రోజు మూత్రం కోలా రంగులో వచ్చింది. విరిగిన కండ కిడ్నీల మీద పడుతుందట, హాస్పిటల్లో చేరి సెలైన్లు ఎక్కించుకుంటే గానీ తగ్గలేదు. మీ బాబుకి ఎప్పుడైనా ఆ రంగు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

నా కొలత ఒక్కటే, మర్నాడు పొద్దున. లేవగానే కాళ్లు బరువుగా, నొప్పిగా ఉంటే ముందురోజు ఎక్కువ చేసినట్టే, ఈసారి తగ్గిస్తాను.

నాకు పడింది నీళ్లే. లోతు లేని పూల్‌లో 20 నిమిషాలు నడుస్తాను, నీళ్లు ఒంటిని మోస్తాయి కాబట్టి మోకాలు మడిచిపోతుందన్న భయం ఉండదు. డిసెంబర్‌లో మానేస్తాను, చల్లటి నీళ్లకి కండలు బిగుస్తాయి. పిల్లాడితో అయితే పెద్దవాళ్లు చేయి అందేంత దూరంలో ఉండాల్సిందే. మీ మావయ్యగారు కాలువలో ఈత నేర్పిస్తానని మాత్రం బయల్దేరకుండా చూడండి!

నూనె మర్దన:
మా ఊళ్లో ఒకాయన 41 రోజులు తైలంతో గట్టిగా పిసికి నయం చేస్తాడు. ఇంగ్లీషు మందులు ఆపేయాలి అంటాడు.

గుంటూరు ఫిజియో:
నువ్వుల నూనె రాసి మెల్లగా నిమిరితే పిల్లాడికి హాయిగా ఉంటుంది, అంతవరకే. గట్టిగా పిసకొద్దు, దాంతో నయమయ్యే జబ్బు కాదిది. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదకి వస్తుంది, ఆ మాట మాత్రం ఇక్కడ రాయకండి దయచేసి.

కొండమీద ఇల్లు గారూ, మావయ్యగారికి ఇది కూడా చూపించండి. నెదర్లాండ్స్‌లో 30 మంది డుషేన్ పిల్లలతో మోటారు సాయంతో తిరిగే సైకిల్ 24 వారాలు తొక్కించి చూశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. తొక్కిన పిల్లల్లో చేసుకోగలిగే పనులు నిలబడ్డాయి, తొక్కనివాళ్లలో తగ్గాయి. అంటే ఆయన అన్నదాంట్లో సగం నిజమే, కదలాలి. కాకపోతే బరువు మీద వేసుకుని కాదు.

కొండమీద ఇల్లు:
అన్నీ చదివి వినిపించాను. మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నావల్లే ముదిరిందా" అని అడిగారు. వాడు పుట్టకముందే జీన్‌లో ఉంది మావయ్యా, మీవల్ల రాలేదు అన్నాను. ఇప్పుడు మడమ పట్టే డ్యూటీ ఆయనదే, "కబడ్డీ కబడ్డీ" అని ఊపిరి తీసుకోకుండా కూత పెడతారు, కూత ఆగేదాకా పాదం వదలరు, వాడు పకపకా నవ్వుతాడు. మెట్ల పూజ అత్తయ్యగారు చేస్తారు, మేము బాబుని ఘాట్ రోడ్డులో బస్సెక్కించి పైకి తీసుకెళ్తాం.

స్ప్లింట్ కొలతలు ఇచ్చి వచ్చాం. ఈ ఎండల్లో రాత్రంతా ఉంచుకుంటాడా అని టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట బెకర్:
లోపల పల్చటి కాటన్ సాక్స్ వేయండి అక్కా. మొదటి వారం టీవీ చూసేటప్పుడు గంటా రెండు గంటలు అలవాటు చేయండి, తీశాక చర్మం ఎర్రబడిందేమో చూడండి, మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి సరిచేయించుకోండి.