"కుమ్మరికి ఒక ఏడు": తర్వాత గుదియా, ఆవమా?

నల్లరేగడి: అమ్మమ్మ నోట విన్న సామెత రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "కుమ్మరికి ఒక ఏడు, ... ఒక పెట్టు." మధ్యలో ఉన్నది గుదియకా (దుడ్డుకర్రకా), ఆవానికా (కుండలు కాల్చే బట్టీకా)? అమెరికాలో న్యూ మెక్సికోలోని శాన్ ఇల్డెఫాన్సో ప్యుబ్లో అనే ఆదివాసీ ఊరి కుమ్మరి మరియా మార్టినెజ్ గురించి మా అమ్మాయి బడి గోడపత్రికకు రాస్తున్నాను. ఈ మాట దగ్గరే ఆగిపోయాను.

పాతబస్తా: గుదియకే. ఏడాది కష్టం ఒక్క దెబ్బకు పోయిందని. చెంపపెట్టులో ఉన్న పెట్టే ఇదీ.

నల్లరేగడి: అచ్చులో అలాగే ఉందండీ. కానీ అమ్మమ్మ "ఆవానికి" అన్నట్టే నా చెవిలో ఉంది. కుండల్ని ఆవంలో పెట్టడం కూడా పెట్టే కదా. మరియా పని చూస్తే నాకు ఈ పాఠమే నచ్చుతోంది. ఆమెకు సారె, అంటే కుమ్మరి చక్రం, లేదు. మట్టిని తాళ్లలా పేని, చుట్ట మీద చుట్ట వేసి కుండ లేపేది. ఆరాక గీకి, పల్చటి మట్టిపూత పూసి, నున్నటి గులకరాయితో రుద్దేది. పూత ఆరిపోయేలోపే రుద్దడం అయిపోవాలి, మధ్యలో చెయ్యి ఆగకూడదు. దాని మీద భర్త జూలియన్ బొమ్మలు వేసేవాడు. ఆఖరికి నేల మీదే కట్టెలు, పిడకలు పేర్చి కాల్చేవారు. మంట మీద గుర్రపు పేడపొడి కుమ్మరించి గాలి ఆడకుండా కప్పేస్తే, ఆ పొగకు ఎర్రటి కుండ నల్లబడుతుంది. అక్కడ తేడా వస్తే అన్నాళ్ల పనీ పెంకులే.

గోదావరిగట్టు: మా వైపు ఆవం అనరు, ఆము అంటారు. సంస్కృతంలో ఆపాకం. "ఆముకొక పెట్టు" అని చూడండి, నోటికి ఎంత బాగా వస్తుందో!

పాతబస్తా: నోటికి బాగుందని పాఠం మార్చకూడదమ్మా. ఆవం కుండను కాల్చి నిలబెట్టేది. గుదియ పగలగొట్టేది. సామెతకు కావలసింది రెండోది.

మల్లెతీగ: నా సందేహం వేరు. సారె లేనివాళ్లను కుమ్మరి అనొచ్చా?

గోదావరిగట్టు: నిస్సందేహంగా. కుంభకార శబ్దంలో కుండ ఉంది, చెయ్యడం ఉంది. చక్రం ఎక్కడుంది?

మల్లెతీగ: అయితే మన కుమ్మర మొల్ల పక్కన ఆమెనూ కూర్చోబెడదాం. మొల్ల పేరులో పువ్వుంది. వాళ్ల టేవా భాషలో మరియా పేరు పోవేకా, అంటే కలువ. ఇంకో మాట. అర్థం వెంటనే తోచకపోతే కావ్యం మూగచెవిటివారి ముచ్చట అవుతుందని మొల్లే అంది కదా, "తేనె సోక నోరు తీయన" పద్యంలో. బడి పిల్లలకు గుదియ అంటే తోస్తుందా?

పాతబస్తా: తోచకపోతే చెబుదాం. పిల్లలకు ఒక మాట దక్కుతుంది. పైగా ఆవం మాత్రం వాళ్లెక్కడ చూశారు?

గోదావరిగట్టు: మరియాతో ఆపకండి. అరిజోనాలో హానో ఊరి కుమ్మరి నంపేయో ఉంది, 1942లో పోయింది. పాడుబడ్డ సిక్యాత్కి ఊరి పెంకుల మీది గీతలు చూసి, ఆ పద్ధతికి మళ్లీ ప్రాణం పోసింది. చదువు రాదు కాబట్టి కుండ మీద సంతకం చెయ్యలేదు. మరియా చేసింది. 1943లో జూలియన్ పోయాక కోడలు సాంటానా బొమ్మలు వేసింది, కుండ అడుగున ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఆ ఊళ్ల చరిత్ర రాయాలంటే ఈ కుండల అడుగులు కూడా చదవాలి.

నల్లరేగడి: ఇది తప్పకుండా రాస్తాను. మరియాకూ పెంకులతో సంబంధం ఉంది. 1908 ప్రాంతంలో తవ్వకాల్లో దొరికిన పెంకులు చూపించి, ఇలాంటి కుండ చెయ్యగలవా అని ఆమెను అడిగారు. మరి గుదియ పెట్టుతో అంతా పోయిందని ఎలా అనడం పాతబస్తాగారూ?

పాతబస్తా: పోయింది కుండండీ, పెంకు కాదు. గుదియే ఉంచండి. ఇంతకీ మీ అమ్మమ్మగారిది ఏ ఊరు?

నల్లరేగడి: మదనపల్లె దగ్గర.

పాతబస్తా: ఆ వైపువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ ఇళ్లలో "ఆవానికి" అని విన్నారా?