మెక్రేని పక్కన పెట్టడం సరైన సెలక్షనేనా? (బుల్‌డాగ్స్ అభిమానులకే కాదు, అందరికీ)

వెస్ట్‌గేట్ వాసు:
సీజన్ అయిపోయింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. 2025 ఏఎఫ్ఎల్‌లో (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, అంటే ఫుటీ, టాప్ లీగ్) మన వెస్టర్న్ బుల్‌డాగ్స్ 14 మ్యాచ్‌లు గెలిచి కూడా తొమ్మిదో స్థానంలో ఆగిపోయింది. 2025లో ఫైనల్స్‌కి వెళ్లింది ఎనిమిది జట్లే. దాని గురించి ఇప్పటికే చాలా ఏడ్చాం. నాకు ఇంకా మింగుడు పడనిది మాత్రం అంతకు ముందు ఏడాది జరిగింది.

2024లో మన మిడ్‌ఫీల్డర్ జాక్ మెక్రేని కొన్నిసార్లు సబ్‌గా (మధ్యలో ఒకరి బదులు దించే అదనపు ఆటగాడిగా) కూర్చోబెట్టారు, కొన్నిసార్లు వీఎఫ్ఎల్‌కి (కింది స్థాయి లీగ్) పంపారు, చివరికి సెయింట్ కిల్డాకి వెళ్లిపోనిచ్చారు. 2016 కప్పు గెలిచిన జట్టులో ఆడినవాడు. మూడుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ (ఆ ఏడాది లీగ్ మొత్తంలో మేటి ఆటగాళ్ల జట్టు). 2021లో ఒకే సీజన్‌లో 880 డిస్పోజల్స్ చేశాడు, లీగ్ చరిత్రలోనే రికార్డు. (ఫుటీ కొత్తగా చూస్తున్నవాళ్లకి: బంతిని కాలితో తన్నినా, పిడికిలితో కొట్టి అందించినా ఒక డిస్పోజల్.) అలాంటివాణ్ణి కూరలో కరివేపాకులా తీసిపారేశారు. కేలెబ్ డేనియల్‌దీ అదే కథ. 168 సెంటీమీటర్ల మనిషి, 2020లో ఆల్ ఆస్ట్రేలియన్, ఇప్పుడు నార్త్ మెల్‌బోర్న్‌లో ఆడుతున్నాడు.

ఇవన్నీ చేసిన కోచ్ బెవరిడ్జ్‌కి 2025 జులైలో ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఎవరికైనా ఇది అన్యాయంగా అనిపించడం లేదా?

రాజు_ట్రుగనీనా:
వాసు గారూ, ఆ 880 అంకె ఎక్కడ చూసినా మీ చేతిలోనే ఉంటుంది. ఒక్క చిన్న విషయం మాత్రం ఎప్పుడూ చెప్పరు. ఆ ఏడాది మనం గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లాం కాబట్టి మెక్రే 26 మ్యాచ్‌లు ఆడాడు. మ్యాచ్‌కి 33.8 పడుతుంది. 2018లో హాథార్న్ తరఫున టామ్ మిచెల్ 24 మ్యాచ్‌ల్లోనే 848 చేశాడు. అంటే 35.3. ఏది గొప్ప సీజనో మీరే చెప్పండి.

ఇక 2024 సంగతి. ఎడ్ రిచర్డ్స్‌ని హాఫ్ బ్యాక్ (డిఫెన్స్) నుంచి మిడ్‌ఫీల్డ్‌కి తెచ్చారు. ఆ పరుగు, ఆ వేగం మెక్రే దగ్గర లేవు. బంతి ఎన్నిసార్లు ముట్టాడన్నది కాదు, ముట్టాక ఎంత ముందుకు వెళ్లిందన్నది లెక్క. బొంటెంపెల్లి, లిబరటోర్, రిచర్డ్స్ ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో నాలుగో చోటు కోసం నిదానంగా కదిలేవాణ్ణి ఎందుకు పెడతారు?

వెస్ట్‌గేట్ వాసు:
రాజు గారూ, రికార్డు అంటే మొత్తమే. సగటు కాదు. 26 మ్యాచ్‌లు ఒక్కటి కూడా మానకుండా ఆడటం గొప్ప కాదా? గాయం లేకుండా ఉండటం కూడా ఫామే. ఇప్పుడున్న మన లిస్టులో ఏడాదంతా ఆడేవాడు ఎంతమంది?

కాలింగ్‌వుడ్ కృష్ణ:
టామ్ మిచెల్ మా దగ్గరికి వచ్చి 2023 కప్పు గెలిచాడు. నాలుగు పాయింట్ల తేడాతో. హాథార్న్‌కి కృతజ్ఞతలు 🙏

రాజు_ట్రుగనీనా:
కృష్ణా, నా మాటే చెప్తున్నావు. 2018 బ్రౌన్‌లో మెడల్ (లీగ్‌లో మేటి ఆటగాడికిచ్చేది) గెలిచిన మిచెల్‌ని 2022 చివర్లో హాథార్న్ వదిలేసింది. ఇంకో మిడ్‌ఫీల్డర్ ఒమీరాని కూడా ఫ్రీమాంటిల్‌కి పంపింది. అప్పుడు వాళ్లని అందరూ తిట్టారు. రెండేళ్లు తిరక్కుండానే, 2024 ఎలిమినేషన్ ఫైనల్‌లో, అదే హాథార్న్ కుర్రాళ్లు ఎంసీజీలో మనల్ని 37 పాయింట్లతో ఉతికారు. కుర్రాళ్లకి మిడ్‌ఫీల్డ్ అప్పగించినందుకు వచ్చిన ఫలితం అది.

వెస్ట్‌గేట్ వాసు:
మిచెల్‌ని వదిలేయడం మంచిదే అయితే అతను వెళ్లిన చోట కప్పెలా వచ్చింది? మీ ఉదాహరణే మీకు ఎదురు తిరిగింది, చూసుకోండి.

రాజు_ట్రుగనీనా:
ఎదురు తిరగలేదు. కాలింగ్‌వుడ్‌కి అప్పుడు అలాంటివాడు కావాలి, హాథార్న్‌కి అక్కర్లేదు. ఇద్దరికీ లాభమే.

సౌమ్య (హోపర్స్ క్రాసింగ్):
ఒక సందేహం. బెయిలీ స్మిత్‌ని కూడా ఇలాగే 2024లో ఆడించకుండా పోగొట్టుకున్నాం కదా? 2025లో జీలాంగ్‌లో ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు.

రాజు_ట్రుగనీనా:
లేదండీ. అతనికి మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగి 2024 మొత్తం ఆడలేదు. తర్వాత జీలాంగ్ వెళ్తానన్నది అతనే. సెలక్షన్‌తో సంబంధం లేదు.

వెస్ట్‌గేట్ వాసు:
వెళ్తానని ఎందుకన్నాడో కూడా ఆలోచించాలి. క్లబ్బులో వాతావరణం బాగుంటే ఎవరూ పోరు.

రాజు_ట్రుగనీనా:
అది మీ ఊహ. మోకాలి ఆపరేషన్‌కీ వాతావరణానికీ ముడిపెడితే నేనేం చెప్పను.

స్వాన్స్ సతీష్, సిడ్నీ:
మీ బాధ చాలా చిన్నది. మేం ఫామ్ గురించి కాదు, గాయాల గురించే ఏడుస్తాం. 2022 గ్రాండ్ ఫైనల్‌కి సామ్ రీడ్ గజ్జ దగ్గర నొప్పితోనే దిగి మధ్యలో బయటికి వచ్చేశాడు, 81 పాయింట్లతో ఓడాం. 2024లో చీలమండ సరిగా లేని లోగన్ మెక్‌డొనాల్డ్‌ని ఆడించారు, అతన్నీ మధ్యలో సబ్ చేశారు, 60 పాయింట్లతో ఓడాం. ఒకే కోచ్, రెండుసార్లూ అదే పందెం. ఎక్కడో ఒకచోట సెంటిమెంట్ పక్కన పెట్టాల్సిందే. 2024లో మా కెప్టెన్ కాలమ్ మిల్స్ తొడ కండరం గాయంతో ఆ మ్యాచ్ ఆడలేదు. కనీసం అక్కడ ఆగారు.

లక్ష్మి_ఫుట్‌స్క్రే:
సతీష్ గారు చెప్పింది వేరే సమస్య. గాయమని తెలిసీ ఆడించడం జూదం. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి పక్కన పెట్టడం అభిప్రాయం. రెండూ కలపకండి.

నాకు మెక్రే సెలక్షన్ మీద పెద్ద కోపం లేదు. గురువారం సాయంత్రం టీమ్ లిస్టు వస్తుంది. గాయమైతే పక్కన ‘తొడ’ అనో ‘భుజం’ అనో రాస్తారు. ఫామ్ వల్ల తీసేస్తే ‘ఒమిటెడ్’ అని ఒక్క ముక్క. మూడుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ అయినా అంతే, రెండో మ్యాచ్ ఆడే కుర్రాడైనా అంతే. ఆ తర్వాత ప్రెస్ మీట్‌లో ఎవరైనా అడిగితే కోచ్ చిరాకు పడతాడు. నాకు నచ్చనిది అది.

రాజు_ట్రుగనీనా:
లక్ష్మి గారూ, కోచ్ ప్రతివారం మనకి సంజాయిషీ ఇవ్వాలా? ఏం తక్కువైందో బయట చెప్తే అవతలి జట్టుకీ తెలుస్తుంది. ఆటగాడికి గదిలో చెప్తే చాలు.

ఇంకో మాట. బెవరిడ్జ్ పేరున్నవాళ్లని పక్కన పెట్టడం కొత్త కాదు. 2015లో ఆల్ ఆస్ట్రేలియన్ అయిన జేక్ స్ట్రింగర్‌ని 2016 సీజన్ చివర్లో వీఎఫ్ఎల్‌కి పంపాడు. ఫైనల్స్‌కి తిరిగి తీసుకున్నాడు. గ్రాండ్ ఫైనల్‌లో ఆఖరి క్వార్టర్‌లో స్ట్రింగర్ గోల్ కొట్టాడు, సిడ్నీని 22 పాయింట్లతో ఓడించాం. ఏడో స్థానం నుంచి కప్పు దాకా వెళ్లిన మొదటి జట్టు మనదే. అప్పుడు ఇదే కోచ్ ఇదే పని చేస్తే చప్పట్లు కొట్టారు కదా?

టైగర్ తిరుమల:
ఈ ‘వీఎఫ్ఎల్‌కి పంపడం’ అంటే ఏదో జైలుకి పంపినట్టు మాట్లాడతారేంటండీ. 2019లో మా రిచ్‌మండ్ జాక్ గ్రాహమ్ ప్రిలిమినరీ ఫైనల్‌లో గాయపడితే, అంతకు ముందు వారం వీఎఫ్ఎల్ ఫైనల్‌లో బాగా ఆడిన మార్లియన్ పికెట్‌ని నేరుగా గ్రాండ్ ఫైనల్‌లో దించారు. 27 ఏళ్ల వయసులో మొదటి ఏఎఫ్ఎల్ మ్యాచే గ్రాండ్ ఫైనల్! అలా జరగడం 1952 తర్వాత అదే. 22 డిస్పోజల్స్, ఒక గోల్. 89 పాయింట్లతో గెలిచాం. ఫామ్ చూసి తీసుకోవడమంటే అదీ.

వెస్ట్‌గేట్ వాసు:
తిరుమల గారూ, పికెట్ కథ నాకూ ఇష్టమే. కానీ కింద నుంచి పైకి రావడం వేరు, పై నుంచి కిందికి తోసేయడం వేరు.

నా సొంత విషయం చెప్తాను. మా అబ్బాయి ఇక్కడి లోకల్ క్లబ్బులో అండర్-14 ఆడాడు. చిన్నప్పుడు ఆస్‌కిక్ (చిన్నపిల్లల ఫుటీ) నుంచీ అదే క్లబ్బు. వాడు మిడ్‌ఫీల్డర్. గత సీజన్‌లో కొత్త కోచ్ వచ్చి బ్యాక్ పాకెట్‌లో (డిఫెన్స్‌లో ఒక మూల) పెట్టాడు, తర్వాత బెంచ్ మీద. ఎందుకని నేను అడగలేదు, అడిగితే ‘ఇండియన్ పేరెంట్స్’ అంటారని. మా వాడు కోచ్‌ని అడిగితే, ‘టీమ్ బ్యాలెన్స్’ అన్నాడట. వాడు ఈ ఏడాది ఫుటీ మానేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్తున్నాడు. నాకు మెక్రేని చూస్తే అదే గుర్తొస్తుంది. మిడ్‌ఫీల్డ్‌లో తప్ప ఇంకెక్కడా పనికిరానివాణ్ణి హాఫ్ ఫార్వర్డ్‌లో పెట్టి, అక్కడ ఆడలేకపోయాడని తీసేయడం ఏం న్యాయం?

రాజు_ట్రుగనీనా:
మీ అబ్బాయి విషయంలో బాధగానే ఉంది. కానీ పిల్లల ఆటలో అందరికీ సమానంగా సమయం ఇవ్వాలి, అది పద్ధతి. ఇది ప్రొఫెషనల్ లీగ్. జీతాలు తీసుకుంటున్నారు. రెంటికీ పోలికే లేదు. అయినా మీ ఇంట్లో కోపం తెచ్చి బెవరిడ్జ్ మీద పోస్తే ఎలా?

వెస్ట్‌గేట్ వాసు:
మా ఇంటి సంగతి నీకెందుకు రాజూ? ఉదాహరణ చెప్పాను. నువ్వు 2016లో కప్పు గెలిచాక బండెక్కినవాడివి కాబట్టి నీకు మనుషులు కనిపించరు, అంకెలు కనిపిస్తాయి.

రాజు_ట్రుగనీనా:
‘నువ్వు’ అన్నారా? సరే. అవును, 2016 తర్వాతే వచ్చాను. మెల్‌బోర్న్‌లో దిగిందే అప్పుడు. ముందు వచ్చి చేరినవాళ్లకి కప్పు మీద ఎక్కువ హక్కుందా? ఇదే మాట నేను పనిచేసే చోట కూడా వింటాను. పాతవాడు ఉన్నాడు, ఆయన మనసు నొచ్చుకుంటుంది, నువ్వు ఇంకో ఏడాది ఆగు. ఆయన పని సగం నేనే చేస్తాను, హోదా మాత్రం ఆయనది. ఆగి ఆగి ఉద్యోగం మారాను. ఎడ్ రిచర్డ్స్‌ని 2024లో కూడా హాఫ్ బ్యాక్‌లోనే ఉంచి ఉంటే మీరంతా సంతోషించేవారు. మెక్రే గారి గౌరవం నిలబడేది. రిచర్డ్స్ ఎంత గొప్ప మిడ్‌ఫీల్డరో ఎవరికీ తెలిసేది కాదు.

అడ్మిన్:
వాసు గారూ, రాజు గారూ, ఇంటి, ఆఫీసు విషయాలు వద్దు. తీరు మారకపోతే థ్రెడ్ మూసేస్తాను.

స్వాన్స్ సతీష్, సిడ్నీ:
మూసేయకండి, పాప్‌కార్న్ ఇప్పుడే తెచ్చుకున్నా.

లక్ష్మి_ఫుట్‌స్క్రే:
ఎలాగూ 2026 సీజన్ నుంచి సబ్ ఉండడు. బెంచ్ మీద ఐదుగురు, అందర్నీ మార్చి మార్చి ఆడించుకోవచ్చు. మెక్రే లాంటివాళ్లు మూడు క్వార్టర్లు ట్రాక్‌సూట్‌లో కూర్చునే బాధ తప్పుతుంది.

వాసు గారూ, ఒకటి అడుగుతాను. మెక్రే మిడ్‌ఫీల్డ్‌లో ఉండి ఉంటే 2025లో ఇంకో మ్యాచ్ గెలిచేవాళ్లమా? ఒక్క గెలుపుతోనే కదా ఫైనల్స్ పోయింది.

వెస్ట్‌గేట్ వాసు:
నిజం చెప్పాలంటే ఆ లెక్క నేను వేయలేదు లక్ష్మి గారూ. గెలిచేవాళ్లమో లేదో. నాకది ముఖ్యం కాదు. 2016 గ్రాండ్ ఫైనల్ తర్వాత ఇదే బెవరిడ్జ్ తన మెడల్ తీసి బాబ్ మర్ఫీ మెడలో వేశాడు. మర్ఫీ కెప్టెన్. మూడో రౌండ్‌లో మోకాలు పోయి ఆడలేకపోయాడు, ఆడనివాడికి మెడల్ ఇవ్వరు. ఆ రోజు ఇది మనుషుల విలువ తెలిసిన క్లబ్బు అనుకున్నాను. మెంబర్‌షిప్ కట్టడం మొదలుపెట్టింది దానికోసమే, కప్పు కోసం కాదు. అలాంటి క్లబ్బు మెక్రేతో ఇలా ప్రవర్తించడమే నా గొడవ. ఓడినా ఫర్వాలేదు, మనవాళ్లని మనం చూసుకోవాలి.

రాజు_ట్రుగనీనా:
‘ఓడినా ఫర్వాలేదు.’ ఇదండీ అసలు విషయం. ముందే చెప్పి ఉంటే ఆ సగటు లెక్కలన్నీ నేను రాసేవాణ్ణి కాదు.

నాకు ఫర్వా ఉంది. ఈ క్లబ్బు 1954లో గెలిచాక మళ్లీ గెలవడానికి 62 ఏళ్లు పట్టింది. మార్కస్ బొంటెంపెల్లికి 2025 నవంబర్‌లో 30 నిండాయి. ఈ తరంలో ఇంతటి ఆటగాడు మనకి లేడు, అతనికున్నది ఒక్క కప్పు. 2021లో పెర్త్‌లో 74 పాయింట్లతో ఓడాం. అతని కాళ్లలో బలం ఉన్న రోజుల్లో ఇంకోటి రాకపోతే ఎప్పుడొస్తుంది? ప్రతివారం మంచి 23 మందిని కాకుండా ‘మనవాళ్లని’ దించితే, మీరు మెక్రేకి చేసే న్యాయం బొంట్‌కి చేసే అన్యాయం.

వెస్ట్‌గేట్ వాసు:
సరే. అయితే ఒక్క ప్రశ్న, తిన్నగా జవాబు కావాలి. 2025 మొదట్లో బొంట్ పిక్క గాయంతో కొన్ని మ్యాచ్‌లు ఆడలేదు. రేపు 32 వచ్చి, వేగం తగ్గి, ఇంకో కుర్రాడు అతని చోటుకి సిద్ధంగా ఉంటే? మన గ్రౌండ్ విటెన్ ఓవల్‌లో వీఎఫ్ఎల్ మ్యాచ్ ఆడిస్తావా బొంటెంపెల్లితో?

సౌమ్య (హోపర్స్ క్రాసింగ్):
అయ్యో, అలాంటి మాటలు వద్దండీ ప్లీజ్.

రాజు_ట్రుగనీనా:
ముందు మిడ్‌ఫీల్డ్ నుంచి ఫార్వర్డ్‌కి మారుస్తాను. అతను ఎత్తుంటాడు, గోల్స్ కొడతాడు, మెక్రేకి లేని దారి అది. అక్కడా ఆడలేకపోతే, ఆడిస్తాను. బాధపడుతూనే ఆడిస్తాను. ఆ మ్యాచ్ చూడ్డానికి కూడా వస్తాను.

వెస్ట్‌గేట్ వాసు:
నేను రాను. ఆ ఏడాది మెంబర్‌షిప్ కూడా కట్టను.

కాలింగ్‌వుడ్ కృష్ణ:
మీకు అక్కర్లేకపోతే మా దగ్గరికి పంపండి. మిచెల్‌ని బాగానే చూసుకున్నాం.