మిల్లర్–రాబిన్ 40 సార్లు పాసైతే ప్రధాన సంఖ్య అని రాసేయొచ్చా?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు): డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టులో 2^127 − 1 ప్రధాన సంఖ్య అని తేల్చేశారు. చూపించిన ఆధారం మిల్లర్–రాబిన్ పరీక్ష (బేస్ అనే ఒక సంఖ్యను తీసుకుని, దాని ఘాతాల శేషాలు చూసే పరీక్ష) 40 సార్లు పాసవడం ఒక్కటే. అది నిరూపణ కాదు, తిప్పి పంపల్ల అంటాను.

ఆదోని పత్తి: ఎందుకు సార్? సంఖ్య సంయుక్తమైతే, యాదృచ్ఛికంగా తీసుకున్న ఒక్కో బేస్ దగ్గర తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. 40 సార్లూ తప్పించుకోవడమంటే 2^80లో ఒక వంతు. క్రిప్టోగ్రఫీకి వాడే ప్రధాన సంఖ్యలను ఇట్లాంటి పరీక్షలతోనే ఏరుతున్నారు కదా.

తుంగభద్ర ఒడ్డు: బేస్‌లు యాదృచ్ఛికమైతేనే ఆ లెక్క. కోడ్‌లో 2, 3, 5, 7 అని రాసి పెట్టేస్తే 3215031751 నాలుగింటినీ దాటేస్తుంది. అది 151 × 751 × 28351.

నంద్యాల లెక్కలు: మెర్సెన్ సంఖ్యల (2^పి − 1 ఆకారంలో ఉండేవి) దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. పి బేసి ప్రధాన సంఖ్య అయితే 2^పి − 1 బేస్ 2కి ఎప్పుడూ పాసే. ఎం = 2^పి − 1 అనుకోండి. ఈ పరీక్ష చూసే ఘాతం (ఎం − 1)/2, అంటే 2^(పి−1) − 1. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం దాన్ని పి భాగిస్తుంది. 2^పిని ఎం చేత భాగిస్తే శేషం 1 కాబట్టి, 2కి ఆ ఘాతం వేసినా శేషం 1 వచ్చి తీరుతుంది. అందుకే 2047 కూడా పాస్, అది 23 × 89 అయినా సరే. ఇక్కడ బేస్ 2 వాడటం శుద్ధ దండగ.

మెర్సెన్ సంఖ్యలకు నిరూపణే ఇచ్చే లూకా–లెహ్మర్ పరీక్ష ఉండగా ఇదంతా ఎందుకప్పా? 4తో మొదలుపెట్టు, వర్గం చేసి 2 తీసెయ్యి, ఎం చేత భాగించి శేషం ఉంచుకో. పి − 2 సార్లు చేశాక 0 వస్తే ప్రధానం, లేకుంటే కాదు. 127కి (పి = 7) 4, 14, 67, 42, 111, 0. 2047కి (పి = 11) తొమ్మిదో మెట్టు మీద 1736 మిగులుతుంది, దొరికిపోతుంది. 2^127 − 1కి 125 మెట్లే. దీన్ని 1876లోనే లూకా తేల్చాడు.

పైథాన్‌లో ఇబ్బంది లేదు. సీ భాషలో మాత్రం వర్గం 254 బిట్ల దాకా పోతుంది. 64 బిట్ల వేరియబుల్‌లో పెడితే పై బిట్లు చప్పుడు లేకుండా రాలిపోయి తప్పు శేషం వస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. భాగహారం అక్కర్లేదు: కింది 127 బిట్లకు పై బిట్లను కూడు, వచ్చింది ఎంకు సమానమైనా, ఎక్కువైనా ఎంను తీసెయ్యి.

ఆదోని పత్తి: మెర్సెన్‌కు ఒప్పుకుంటా. ఏ ఆకారమూ లేని 309 అంకెల సంఖ్యకో? పైగా నిరూపణ ప్రోగ్రాములో బగ్ ఉండే అవకాశం 2^80లో వంతుకన్నా ఎక్కువే.

నంద్యాల లెక్కలు: దానికి దీర్ఘవృత్తీయ వక్రాల పద్ధతి ఉంది. అది సర్టిఫికెట్ (నిరూపణను సరిచూడటానికి కావాల్సిన లెక్కలు) ఇస్తుంది, ఇంకొకరు వేరే ప్రోగ్రాముతో సరిచూసుకోవచ్చు. బగ్ భయానికి అదే మందు. 2024 అక్టోబరులో 2^136279841 − 1 (4,10,24,320 అంకెలు) ముందు ఫెర్మా పరీక్షలో సంభావ్య ప్రధానంగానే (బహుశా ప్రధానం, ఇంకా నిరూపణ కాలేదు) బయటపడింది. వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు హార్డ్‌వేర్ మీద లూకా–లెహ్మర్ నడిపి సున్నా చూశాకే ప్రకటించారు.

ఆదోని పత్తి: అయితే తిప్పి పంపకుండా, "సంభావ్య ప్రధాన సంఖ్య" అని మార్చి రాయమంటే చాలదా?

తుంగభద్ర ఒడ్డు: 125 మెట్లలో తేలిపోయేదానికి "సంభావ్య" ఎందుకు? లూకా–లెహ్మర్ నడిపి, పి = 7, 11, 127 మూడింటికీ చివరి శేషాలు రిపోర్టులో వేయమనండి. పి = 11 దగ్గర 1736 రాకుంటే కోడ్ తప్పు.